కిటికీ తెరవడమా, మూలాన్ని తొలగించడమా: కొత్త ఇంటి గాలిపై ఒక సంవాదం

వాతాయనవాది: రంగుల వాసన, పాలిష్ వాసన, కొత్త అల్మారాల ఘాటు వారాలు గడిచినా వదలని ఇంటి విషయంలో మొదట తెలుసుకోవలసింది ఆ ఇంట్లోని గాలి గంటకు ఎన్నిసార్లు మారుతోందన్న సంగతి. హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్తగా సిద్ధమైన ఫ్లాటులో ఎనామెల్ రంగు, థిన్నరు, రబ్బరు జిగురు, ప్లైవుడ్, ఫోమ్ పరుపు, నేల తుడిచే ద్రావకం అన్నీ కలిసి విడిచే ఆవిర్లను బాష్పశీల కర్బన సమ్మేళనాలు అంటారు, అంటే మామూలు గది వేడిమిలోనే ఆవిరై గాలిలో కలిసిపోయే కర్బన రసాయనాలని అర్థం. ఇవి పదుల సంఖ్యలో ఉంటాయి, ఏది ఏ వస్తువు నుంచి వస్తోందో ప్రయోగశాల సాయం లేకుండా తేల్చడం గృహస్థుకు సాధ్యం కాదు. తెలిసిన ఆవిరి మీదా తెలియని ఆవిరి మీదా సమానంగా పనిచేసే ఉపాయం గాలి మార్పిడి ఒక్కటే. మ్యూనిక్ నగరంలో ఆరోగ్యశాస్త్రానికి పునాది వేసిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే, గదిలో మనుషులు విడిచే బొగ్గుపులుసు వాయువు వేయింట ఒక వంతు దాటితే అక్కడి గాలి చాలినంత మారడం లేదని గ్రహించాలని సూచించాడు. దాని వెనుక ఉన్న లెక్క నేటికీ మారలేదు: గంటకు విడుదలయ్యే ఆవిరి పరిమాణాన్ని గంటకు బయటికి పోయే గాలి పరిమాణంతో భాగిస్తే గదిలో నిలిచే సాంద్రత వస్తుంది, కనుక ఎదురెదురు కిటికీలు రెండు తెరిచి గాలిని రెట్టింపు చేస్తే విషం సగమవుతుంది.

మూలవాది: గదిలో పెంటకుప్ప ఉంటే దాని వాసనను గాలితో తరమడానికి ప్రయత్నించక ముందు ఆ కుప్పను తీసివేయాలన్న హితవు కూడా ఆ పెటెన్‌కోఫర్‌దిగానే ప్రసిద్ధమైంది, గనుక ఆ పెద్దమనిషిని ఒక పక్షానికే సాక్షిగా పిలవడం న్యాయం కాదు. భాగహారపు లెక్క గోడ రంగుకు చాలావరకు వర్తిస్తుంది. రంగులోనూ థిన్నరులోనూ ఉండే టోలీన్, జైలీన్ వంటి ద్రావకాలు పూత ఆరే కొద్దీ తరిగిపోతాయి, కొన్ని రోజులో కొన్ని వారాలో తలుపులు తీసి ఉంచితే వాటి కథ ముగుస్తుంది. అల్మారాల పలకల సంగతి వేరు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, చవక ప్లైవుడ్‌లలో చెక్కపొట్టునో పలుచని చెక్క పొరలనో అతికించే జిగురు సాధారణంగా యూరియా, ఫార్మాల్డిహైడ్ కలిపి తయారైనది. ఫార్మాల్డిహైడ్ అంటే రంగులేని, ముక్కుపుటాలను మండించే వాయువు, శరీర నిర్మాణశాస్త్ర ప్రయోగశాలల్లో శవాలను భద్రపరచే ఫార్మలిన్‌లో ఉండేది ఇదే. ఈ జిగురుకు తేమ తగిలినప్పుడు దాని బంధాలు కొద్దికొద్దిగా విడిపోయి ఆ వాయువు మళ్లీ మళ్లీ పుడుతుంది, వేడి పెరిగితే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది, అందువల్ల పలక ఆరిపోవడంతో తీరే బాధ కాదిది, నెలలూ ఏళ్లూ సాగుతుంది. వేడీ తేమా కలిసి ఉండే కోస్తా పట్టణాలలో, వానకాలంలో మూసిపెట్టిన గదులలో దీని తీవ్రత ఎంతగా పెరుగుతుందో ఊహించవచ్చు. పైగా గాలిని రెట్టింపు చేస్తే సాంద్రత కచ్చితంగా సగమవుతుందన్న మాట కూడా ఈ పలకల విషయంలో నిలవదు. గదిలో ఆవిరి తగ్గే కొద్దీ పలక లోపలి ఆవిరికీ బయటి గాలికీ మధ్య తేడా పెరిగి పలక మరింత ఎక్కువగా విడుస్తుంది, అంటే కిటికీ తెరిచిన ఇంట్లో ఈ మూలం మరింత చురుకుగా పనిచేస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఈ వాయువును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇళ్లలోని గాలికి ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని, అదీ ఏ అరగంట సగటులోనూ మించరాదని హద్దు పెట్టింది. ఇంతటి పదార్థాన్ని లోపల నిలవ ఉంచుకుని కిటికీ వైపు చూడమనడం చికిత్స కాబోదు.

వాతాయనవాది: పలకకూ రంగుకూ ఉన్న ఈ భేదాన్ని అంగీకరించక తప్పదు, గాలి మార్పిడి గురించి మాట్లాడేవారు దీన్ని తరచుగా విస్మరిస్తారు. అయినా తొలగించండి అన్న మాట ఎవరితో అంటున్నారో ఆలోచించాలి. లక్షలు పోసి, అప్పు చేసి మాడ్యులర్ వంటగది చేయించుకున్న కుటుంబాన్ని ఆ పలకలు పీకి పారేయమనడం సలహా కాదు, శిక్ష. అద్దె ఇంట్లో చేరినవారికి ఆ హక్కు కూడా లేదు. ఇక గుర్తించడం దగ్గరే మరో చిక్కుంది. ముక్కు నమ్మదగిన సాక్షి కాదు. కొద్ది నిమిషాల్లోనే అది వాసనకు అలవాటు పడి మొద్దుబారుతుంది, కార్బన్ మోనాక్సైడు వంటి ప్రాణాంతక వాయువుకైతే అసలు వాసనే ఉండదు. మార్కెట్లో దొరికే చవక గాలి మీటర్లు మొత్తం ఆవిర్లకంటూ ఒక అంకె చూపుతాయి, కానీ వాటిలో చాలావాటి లోపలి సంవేదకం ఫార్మాల్డిహైడ్‌కూ, పోపు వాసనకూ, చేతులకు రాసుకునే శానిటైజరులోని ఆల్కహాలుకూ తేడా తెలుసుకోలేదు. ఇలాంటి అజ్ఞానంలో ఏ పలకను తీయాలో ఎవరు చెబుతారు? గాలికి మాత్రం ఆ జాబితా అవసరం లేదు. తెలుగువారి ఆచారంలో గృహప్రవేశపు ముహూర్తం ముందే స్థిరమవుతుంది, పాలిష్ పనివారు ఆ వేకువకు కొన్ని గంటల ముందు గానీ బ్రష్షు దించరు, పాలు పొంగించిన నాటి రాత్రే పసిపిల్లలతో సహా అందరూ కొత్త పలకల మధ్య పడుకుంటారు. ముహూర్తానికి పాలు పొంగించి, సామాను దించి, నివాసానికి మాత్రం మూడు నాలుగు వారాలు ఆగి, ఆ రోజుల్లో అల్మారాల తలుపులూ సొరుగులూ అన్నీ బార్లా తెరిచి ఉంచితే శాస్త్రానికీ సంప్రదాయానికీ భంగం లేదు. ఆషాఢమనీ శూన్యమాసమనీ నెలల తరబడి ఆగగల సమాజానికి ఈ ఎదురుచూపు కొత్తది కాదు.

మూలవాది: ఆ ఎదురుచూపు మేలైనదే, దానిపై పేచీ లేదు, అయితే పాత ఇంటి అద్దె, కొత్త ఇంటి వాయిదా రెండూ ఒకేసారి కట్టగలవారికే అది సాధ్యం. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది: కిటికీ వాదమంతా బయటి గాలి శుభ్రంగా ఉందన్న ఊహ మీద నిలబడి ఉంది. 2.5 మైక్రాన్లకు మించని ధూళికణాలు, అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేక ఊపిరితిత్తుల లోతుల దాకా దిగిపోయేవి, సంవత్సరపు సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటరాదని 2009 నాటి జాతీయ ప్రమాణం, 5 దాటరాదని 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన నగరాల ప్రధాన రహదారుల పక్కన ఉన్న ఫ్లాటులో కిటికీ తెరవడమంటే ఆ ధూళికి స్వాగతం పలకడమే. హైదరాబాదు పారిశ్రామిక వాడలైన జీడిమెట్ల, పటాన్‌చెరు పరిసరాల్లో రాత్రిపూట రసాయనాల ఘాటు వస్తోందని జనం మొత్తుకుంటూనే ఉన్నారు, విశాఖలో ఓడరేవు వైపు ఇళ్లవారు బొగ్గు ధూళికి జడిసి కిటికీలు మూసుకుంటారు. అక్కడి గృహస్థులకు లోపలి విషమా, బయటి విషమా అన్న ఎంపికే మిగులుతుంది. ఇంకా, కట్టెల పొయ్యి పొగ విషయంలో ఈ వివాదం ఒకసారి తేలిపోయిందని గుర్తుంచుకోవాలి. తరతరాలుగా వంటింటికి గవాక్షం పెట్టండి, పొగగొట్టం పెట్టండి అని చెబుతూ వచ్చారు, అయినా స్త్రీల కళ్లూ ఊపిరితిత్తులూ పొగచూరుతూనే ఉన్నాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది, ఆ ఇళ్లలో పొగను తగ్గించింది గవాక్షం కాదు, పొయ్యి మార్పు.

వాతాయనవాది: దీపం ఉదాహరణ బలమైనది, దానికి ఎదురు చెప్పడం కష్టం. గ్యాస్ మంట కూడా నైట్రోజన్ డయాక్సైడును పుట్టిస్తుందనీ, పొయ్యి మారిన తరువాత కూడా ఆ వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాను అవసరం తప్పలేదనీ మాత్రం చేర్చాలి. మారిన మూలం తగ్గిన మూలమే గాని లేని మూలం కాదు. బయటి ధూళి గురించి చెప్పిన మాటకు జవాబు వేళను ఎంచుకోవడంలో ఉంది. చలికాలపు రాత్రుల్లో, తెల్లవారుజామున నేలకు దగ్గరగా చల్లగాలి పేరుకుని, పైన వెచ్చని పొర మూతలా నిలవడం వల్ల ధూళి పైకి పోలేక అక్కడే తిరుగుతుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి పైకి లేచి ఆ ధూళి చెదిరిపోతుంది. కనుక తెల్లవారగానే తలుపులు బార్లా తీసే అలవాటును రోడ్డు పక్క ఇళ్లవారు మధ్యాహ్నానికి మార్చుకోవాలి. మిగిలిన ధూళికి హెపా జల్లెడ ఉన్న ప్యూరిఫయరు పనికొస్తుంది, హెపా అంటే అతి సన్నని నారల చిక్కని పొర, పట్టడానికి అన్నిటికన్నా కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలను కూడా నూటికి 99.97 వంతున ఆపేది. అయితే అది కణాలను ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. ఆవిరి కోసం అమర్చే ఉత్తేజిత బొగ్గు పొర టోలీన్ వంటి బరువైన అణువులను బాగానే పట్టుకున్నా, ప్రత్యేక రసాయనపు పూత లేకపోతే చిన్నదైన ఫార్మాల్డిహైడ్ అణువును వదిలేస్తుంది. అందుచేత ధూళికి జల్లెడ, ఆవిరికి కిటికీ అన్న పని విభజనే ఆచరణయోగ్యం. స్ప్లిట్ ఏసీ ఈ రెండింటిలో ఏ పనీ చేయదని, గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందని చాలామందికి తెలియకపోవడం విచారకరం.

మూలవాది: యంత్రాల పరిమితి గురించి ఏకాభిప్రాయమే ఉంది, కుండీల్లో మొక్కలు పెంచితే చాలన్న ప్రచారాన్ని ఖండించడంలోనూ రెండు పక్షాలూ కలవవచ్చు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ మూసిన పెట్టెల్లో జరిపిన పరీక్షను ఇళ్లకు అన్వయించడం వల్ల పుట్టిన భ్రమ అది. ఆ తరువాతి ప్రయోగాలన్నిటినీ కలిపి 2019లో వెలువడిన సమీక్ష, మామూలు గాలి మార్పిడికి దీటుగా నిలవాలంటే చదరపు మీటరు నేలకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని లెక్కగట్టింది. ఓజోన్ విడిచే యంత్రాలు ఇంకా ప్రమాదం, నిమ్మ పరిమళపు స్ప్రేలలోని లిమొనీన్‌తో ఆ ఓజోన్ కలిస్తే కొత్తగా ఫార్మాల్డిహైడే పుడుతుంది. ఇక మూలాన్ని తొలగించడం గృహస్థు చేతిలో లేదన్న మాటను పలకల వరకే ఒప్పుకోవచ్చు. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు నాఫ్తలీన్ అనే రసాయనం. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువుకు, ఆ ఉండలతో నిలవ చేసిన దుప్పటి కప్పితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదిరే ప్రమాదముంది. వాటిని పారేయడానికి ఖర్చు లేదు. స్నానాలగది కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకేసారి వాడితే క్లోరిన్ వాయువు లేస్తుంది, రెండింటిలో ఒకటి మానితే సరిపోతుంది. దోమల కాయిల్ సంగతి మరీ దారుణం: చైనా, మలేసియాల్లో అమ్ముడయ్యే రకాలపై 2003లో వెలువడిన పరిశోధన, ఒక్క కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని, కొన్ని రకాల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్లకు సమానమని తేల్చింది. సాయంత్రం దోమలు వస్తాయని కిటికీలు మూసి, ఆ మూసిన గదిలోనే కాయిల్ వెలిగించే అలవాటు ఎన్ని లక్షల ఇళ్లలో ఉందో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. ఆ గదికి ఎంత గాలి చాలుతుంది?

వాతాయనవాది: ఆ అలవాటును సమర్థించేవారు ఉండరు. అయినా కాయిల్ మానేయమని చెప్పి ఊరుకుంటే డెంగీ, మలేరియాల భయాన్ని ఆ ఇంటి తల్లి ఒక్కతే మోయాలి. కిటికీకి దోమల జాలీ బిగించడమే అక్కడ చేయవలసిన పని. ఇది మూలాన్ని తొలగించే ఉపాయమా, గాలి మార్పిడి ఉపాయమా అని ప్రశ్నిస్తే రెండు పక్షాలూ తమదే అనగలవు, ఎందుకంటే జాలీ ఉంటే కాయిల్ అక్కరలేదు, కిటికీ మూయనూ అక్కరలేదు. నిర్మాణదారులు జాలీని అదనపు అలంకారంగా లెక్కగట్టి కొనుగోలుదారుకు వదిలేయడం, సగం మాత్రమే తెరుచుకునే జరుపుడు కిటికీలను బిగించడం ఈ సమస్యకు మూలంలోనే ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ స్మృతి కిటికీల వైశాల్యం వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో నేల వైశాల్యంలో ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు ఉండాలని చెబుతోంది. ఆ ఆరో వంతును కొలిచి చూసి ఇల్లు కొనేవారు మనలో ఎందరు?

మూలవాది: కొనుగోలుదారు కొలవలేనిదాన్ని చట్టం కొలవాలన్నదే ఈ పక్షపు అసలు వాదన. గోడ రంగులో సీసం ఉందో లేదో ఏ గృహిణీ చూసి చెప్పలేదు. 2016లో కేంద్రం నియమాలు చేసి, 2017 నవంబరు నుంచి ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించరాదని ఆంక్ష పెట్టింది, ఆ విషాన్ని తరమడానికి ఎవరూ కిటికీలను ఆశ్రయించలేదు. అమెరికాలో 2005 కత్రినా తుపాను తరువాత నిర్వాసితులకు ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలరు ఇళ్లలో ఫార్మాల్డిహైడ్ హెచ్చుగా ఉందని పరీక్షల్లో తేలాక, 2010లో చెక్క పలకల నుంచి వెలువడే ఆ వాయువుకు దేశమంతటికీ హద్దులు పెడుతూ చట్టం వచ్చింది. ఇక్కడ వడ్రంగి దుకాణంలో అడిగితే ఎంఆర్ అంటారు, బీడబ్ల్యూఆర్ అంటారు, మెరైన్ అంటారు. ఇవి ఐఎస్ 303, ఐఎస్ 710 ప్రమాణాలలోని రకాలు, నీటికి పలక ఎంత తట్టుకుంటుందో చెప్పేవి. వాటిలో మెరైన్ రకానికి వాడే ఫినాల్ జిగురు తేమకు విడిపోదు గనుక దాని నుంచి ఆవిరీ తక్కువే వస్తుంది, కానీ ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. అన్నిటికన్నా మించి, ఈ చర్చలో ఇంతవరకు ప్రస్తావనకు రాని మనిషి ఒకడున్నాడు. మెలమైన్ పాలిష్‌ను, థిన్నరును రోజుల తరబడి మూసిన గదుల్లో ముఖానికి తువ్వాలు చుట్టుకుని పులిమే పనివాడు ఆ ఆవిరిని ఇంటివారికన్నా ముందు, ఇంటివారికన్నా ఎక్కువగా పీలుస్తాడు. ఈ ఇంటి పని ముగిసి కిటికీలు తెరిచే నాటికి అతడు మరో ఇంట్లో అదే పాలిష్ పులుముతూ ఉంటాడు. ఏ వాతాయనం అతని దాకా వస్తుంది?

వాతాయనవాది: పనివాడి విషయంలో ఈ పక్షం దగ్గర సమాధానం లేదు, గాలి మార్పిడి ఆ ఇంట్లో నివసించబోయేవారిని తలచుకుని పుట్టిన ఆలోచన, అతణ్ని లెక్కలోకి తీసుకోలేదన్నది నిజం. ప్రమాణాల సంగతిలో మాత్రం ఒక లోతైన ఇబ్బందిని చూపించాలి. మంచి పలకకు గుర్తుగా చెప్పే ఐరోపావారి ఈ1 తరగతిని నిర్ణయించేందుకు పలక ముక్కను ఒక పరీక్షా గదిలో పెడతారు. ఆ గదిలో వేడిమి 23 డిగ్రీలు, తేమ నూటికి 45, ఘనపు మీటరు గాలికి ఒక చదరపు మీటరు పలక, గంటకు ఒకసారి గాలి పూర్తిగా మారే ఏర్పాటు ఉంటాయి. అంటే మూలాన్ని అదుపు చేస్తుందనుకునే ప్రమాణమే గాలి మారుతుందన్న నమ్మకం మీద కట్టినది. కిటికీలు బిగించి ఏసీ వేసుకున్న పడకగదిలో గాలి గంటకు ఒకసారి మారడం అరుదు. ఈ1 గుర్తున్న పలకలు కొన్నామన్న ధీమాతో ఆ గదినే పైకప్పు దాకా అల్మారాలతో నింపి తలుపు మూసుకుంటే, గుర్తు ఇచ్చిన హామీ అక్కడ చెల్లదు.

మూలవాది: ఆ వివరం ఎదురు పక్షానికి పనికొచ్చిన దానికన్నా ఈ పక్షానికే ఎక్కువ పనికొస్తుంది. 23 డిగ్రీలు, నూటికి 45 తేమ అన్నవి కాకినాడ జూన్ నెలవి కావు. తేమకు విడిపోయే జిగురును పొడి గదిలో పరీక్షించి మంచిదన్న ముద్ర వేసి కోస్తా ఇళ్లకు అమ్మడం అన్యాయం. 32 డిగ్రీల్లో, నూటికి 80 తేమలో పరీక్షించమని అడగాలి, అందులో నెగ్గని జిగురును ఇళ్ల పలకలకు వాడనీయకూడదు. ఇది కిటికీ ఎంత వెడల్పుగా ఉన్నా తీరని లోటు.

వాతాయనవాది: అడగవలసిందే. అయితే అలాంటి ప్రమాణం వచ్చినా అది రేపు తయారయ్యే పలకకే వర్తిస్తుంది, ఇప్పటికే గోడలకు బిగించిన అల్మారాలు పదిహేను ఇరవై ఏళ్లు అక్కడే ఉంటాయి. వాటితో కాపురం చేస్తున్నవారికి చెప్పవలసింది వేరుగా ఉంది: లామినేటు అంటించని వెనుక వైపులు, కోసిన అంచులు, తాళం కోసం తొలిచిన రంధ్రాల నుంచే ఆవిరి ఎక్కువగా వస్తుంది గనుక వాటిని ఎడ్జ్ బ్యాండు పట్టీతోనో చిక్కని పూతతోనో మూయించాలి, ఆ పని కూడా కిటికీలు తెరిచి, పిల్లలను వేరే చోటికి పంపి చేయించాలి. ఊరెళ్లి వచ్చి తాళం తీసినప్పుడు ముక్కు మండితే, మూసి ఉన్న రోజుల్లో ఎండకు వేడెక్కిన పలకలు గదిని నింపాయని గ్రహించి, సామాను దించకముందే అన్ని తలుపులూ తీసి ఫ్యాన్లు వేసి కాసేపు బయట ఉండాలి. పసిబిడ్డ పడుకునే గది కొత్త అల్మారాల గది కాకుండా చూసుకోవాలి. మూలవాదం గెలిచే వరకు ఆ బిడ్డ ఊపిరి ఆపుకుని ఉండలేదు.

మూలవాది: అంచులు మూయించమన్న సలహా కిటికీ పక్షం నోట రావడం సంతోషమే, అది మూలం మీద చేసే చికిత్స గనుక. రెండు గదుల ఇంట్లో ఆ బిడ్డకు వేరే గది ఎక్కడుందన్నది ఒక ప్రశ్న. ఆ ఇల్లు జీడిమెట్లలో అద్దెది అయితే, రాత్రి ఘాటు వచ్చే వేళ కిటికీ మూయక తప్పకపోతే, ఆ అంచులు మూయించే ఖర్చు ఇంటి యజమానిదా, అద్దెకున్నవారిదా, పలక అమ్మినవాడిదా అన్నది మరో ప్రశ్న. సున్నం వేయించడం ఎవరి వంతో, కుళాయి పాడైతే ఎవరు బాగుచేయించాలో రాసుకునే అద్దె కాగితాల్లో గదిలోని గాలి గురించి సాధారణంగా ఒక్క పంక్తి కూడా కనబడదు.